ఇద్దరు కొలిచిన దిబ్బ

ఒకే ఇంటి కోడళ్లిద్దరూ ఒకే మాట చెప్పారంటే సొంత అత్తగారు కూడా ఓ పట్టాన నమ్మదు. ఆ రేవులో మాత్రం నమ్మేశారు. నమ్మి, పాపం, నిక్షేపంలాంటి కొత్త ఓడను తెచ్చి నడిసముద్రంలో నిలబెట్టేశారు.

చిన్నకోడలికి రేవులో కొలబద్ద అని పేరు. వంటింట్లో డబ్బాల మీది బొమ్మలన్నీ ఒకే వైపు చూడాలి ఆమెకు. గోడ మీద పటం వెంట్రుకవాసి ఒరిగినా సరిచేయందే కుర్చీలో కూర్చోదు. ఈ గుణం ఇంట్లో పక్కవాళ్ల ప్రాణం తోడేస్తుంది గానీ, నీటి లోతు కొలిచే ఉద్యోగంలో మాత్రం అన్నం పెడుతుంది. రేవులో రెండు కొలత పడవలున్నాయి. నీలం పడవ కొలబద్దది. ఎర్ర పడవ ఆమె తోటికోడలిది. కొలబద్ద పలకా బలపం పట్టుకు తిరిగే రోజుల్లోనే ఆ పెద్దకోడలు ఈ రేవు అడుగున ఏ రాయి ఎటు వాలిందో చెప్పేది. ఇక్కడ ఉద్యోగం ఖాళీగా ఉందని కొలబద్దకు చెప్పింది ఆమే, తన మరిదికి సంబంధం కుదిర్చిందీ ఆమే. రెండూ తన చలవేనని తీరిక దొరికినప్పుడల్లా గుర్తు చేస్తుంది కూడా.

పడవ అడుగున పళ్లెమంత సోనార్ పెట్టె బిగించి ఉంటుంది. దానికి నోరూ చెవీ ఒకటే. కిందికి టిక్కుమని ఒక చప్పుడు వదిలి, అది నేలను తాకి తిరిగొచ్చేదాకా వింటుంది. జవాబు త్వరగా వస్తే లోతు తక్కువ, ఆలస్యంగా వస్తే ఎక్కువ. మొదట వినబడిన గట్టి జవాబును పట్టుకుని తెర మీద గీత గీస్తుంది. ఆ తరవాత ఎవరు ఎంత మొత్తుకున్నా దానికి పట్టదు. ఇలాంటి మనుషులు మనకూ తెలుసు.

ఒక్క పడవ మాట నమ్మకూడదని ఆ రేవులో పాత నియమం. ఓడ నడిచే దారికి చెరోవైపున రెండు పడవలూ పక్కపక్కనే వెళ్లి, విడివిడిగా కొలవాలి. ఇద్దరి లెక్కా కలిస్తేనే అది లోతు. కానీ ఎప్పుడూ జానెడో బెత్తెడో తేడా వచ్చేది. తేడా వచ్చినప్పుడల్లా రేవు అధికారి ముఖం చిట్లించుకునేవాడు. కొలబద్దకైతే ఆ తేడా కంట్లో నలుసే. అందుకని ఈమధ్యే రెండు సోనార్లనూ ఒకే ఉపగ్రహ గడియారానికి కట్టేసింది. ఒకే స్థాయి, ఒకే వేగం, ఒకే క్షణాన టిక్కు. రెండు పడవలూ తానా అంటే తందానా అన్నట్టు పలకడం మొదలుపెట్టాయి. అధికారి భుజం తట్టాడు. పెద్దకోడలు కూడా, ‘పోన్లే, ఇన్నాళ్లకు ఒక మంచి పని చేశావు’ అంది. ఆమె నోటి నుంచి అంత మాట రావడం చిన్న విషయం కాదు.

ఆ రోజు పొద్దున్నే ఇద్దరూ రేవు ముఖద్వారం కొలిచి వచ్చారు. సరిగ్గా ముఖద్వారంలో, రెండు రాళ్ల గట్ల మధ్య, ఒక దిబ్బ కనబడింది. పన్నెండు మీటర్ల లోతు ఉండాల్సిన చోట ఏడే చూపించింది. కొత్త ఓడకు తొమ్మిదైనా కావాలి.

ఆ ఓడకు కెప్టెన్ కొలబద్ద మొగుడు. పెళ్లయిన దగ్గర్నుంచి ఎక్కడెక్కడి ఓడల మీదో తిరుగుతూ, చుట్టపుచూపుగా ఇంటికొచ్చి పోయేవాడు. ఈ ప్రయాణికుల ఓడ అలా కాదు. ఈ రేవులోనే ఉంటుంది, పొద్దున పోయి సాయంత్రం తిరిగొచ్చేస్తుంది. దీనికోసం అతను పెద్ద ఓడల మీద పెద్ద హోదా వదులుకున్నాడు. ఇప్పుడు ఓడ రేవు బయట లంగరు వేసుకుని కబురు కోసం ఎదురుచూస్తోంది. దారి చాలదని తేలితే సాయంత్రానికల్లా పక్క రేవుకు మళ్లిపోతుంది, ఇక అదే దాని ఇల్లు. మొగుడు మళ్లీ చుట్టమైపోతాడు.

అధికారి గదిలో బల్ల మీద రెండు పడవల గీతలూ పక్కపక్కన పరిచి ఉన్నాయి. అధికారి వాటిని చూసి మురిసిపోతున్నాడు. దిబ్బ ఉన్నందుకు కాదు, లెక్క కలిసినందుకు.

“నా సర్వీసులో ఇంత చక్కగా కలవడం ఇదే మొదటిసారమ్మా” అన్నాడు. “మీ ఆయన ఓడ సంగతి బాధే అనుకోండి. కానీ ఇద్దరూ ఒకే మాట అంటున్నప్పుడు నేనేం చేయను?”

పెద్దకోడలు కొలబద్ద భుజం మీద చెయ్యి వేసింది. “ఏడవకే. పక్క రేవు ఎంత దూరమని? వారానికోసారి వస్తాడులే.”

కొలబద్ద ఏడవడం లేదు. గీతల మీద వంగి చూస్తోంది. దిబ్బ ఎంత నున్నగా ఉందంటే గిన్నె బోర్లించినట్టుంది. ఇసుక దిబ్బ అలా ఉండదు, ఎక్కడో ఒక మొట్టికాయ తిన్నట్టు బొప్పి కట్టి ఉంటుంది. పైగా రెండు గీతల్లోనూ దిబ్బ ఎత్తు వేలెడు తేడా కూడా లేకుండా ఒకటే. తను కొలిచిన నేల వేరు, అక్క కొలిచిన నేల వేరు. తన వైపు నేల గట్టు దగ్గర ఎప్పుడూ కాస్త ఎత్తు. రెండు చోట్ల రెండు దిబ్బలు అచ్చుగుద్దినట్టు ఎలా మొలుస్తాయి? ఇద్దరు పిల్లలు లెక్క సరిగ్గా చేస్తే జవాబు ఒకటే వస్తుంది, తప్పులు కూడా ఒకటే వచ్చాయంటే ఎవరో ఎవరి పలకో చూశారని అర్థం.

కొలబద్ద పడవలు నడిచిన దారి తీసి చూసింది. బయట నీళ్లలో పడవల మధ్య ఎడం ఎక్కువగా ఉంది. ముఖద్వారంలో గట్లు దగ్గరపడ్డాయి గనుక పడవలూ దగ్గరపడ్డాయి, తరవాత మళ్లీ విడిపోయాయి. దిబ్బ శిఖరం దగ్గర ఎడం పద్నాలుగు మీటర్లు. అందులో సగం ఏడు. పక్కన ఎడం పదహారు, అక్కడ దిబ్బ మీద లోతు ఎనిమిది. ఎక్కడ చూసినా ఎడంలో సగమే లోతు.

“ఇది దిబ్బ కాదు సార్” అంది. “మేమిద్దరం.”

అధికారికి అర్థం కాలేదు. కొలబద్ద బల్ల మీద రెండు టీ గ్లాసులు పెట్టి చెప్పింది. “రెండు పడవలూ ఒకే క్షణాన టిక్కుమంటున్నాయి. అక్క టిక్కు నేల దాకా పోకుండా నీళ్లలో అడ్డంగా కూడా వస్తుంది. మేం దగ్గరగా ఉన్నప్పుడు నా టిక్కు కిందికెళ్లి తిరిగొచ్చే లోపే అక్క టిక్కు నా చెవిన పడిపోతుంది. నా పెట్టె అదే నేల జవాబు అనుకుంటుంది. పోయి రావడం అనుకుని దూరాన్ని సగం చేసి గీస్తుంది. నాది అక్కకూ అంతే. ఎటు నుంచి ఎటు కొలిచినా దూరం ఒకటే కదా, అందుకే లెక్క అంత బాగా కలిసింది. బయట మేం దూరంగా ఉంటాం కాబట్టి ముందు నేల జవాబే వస్తుంది, అక్కడ గొడవ లేదు.”

అధికారి గ్లాసుల వంక చూశాడు. మాట్లాడింది పెద్దకోడలే.

“నిన్న మొన్నటిదాకా కలవలేదని గోల. ఇవాళ కలిసిందని గోల. ఎలా చచ్చేదే నీతో?” ఆ తరవాత అనకూడని మాట కూడా అనేసింది. “వేరే ఎవడి ఓడో అయితే ఈ దిబ్బ నీకు దిబ్బలాగే కనబడేది కదూ?”

ఆ మాట కొలబద్దకు తగలాల్సిన చోటే తగిలింది. ఎందుకంటే గీతల మీద వంగినప్పటి నుంచీ లోపల అదే ప్రశ్న తొలుస్తోంది. దిబ్బ లేకపోతే బాగుండునని ఆమె ఎంత కోరుకుంటోందో ఆమెకు తెలుసు. కోరిక ఉన్న మనిషి కళ్లను నమ్మవచ్చా? రమ్మన్నాక నిజంగానే దిబ్బ ఉంటే? ఓడ నిండా జనం. పైన నిలబడేది ఆయన.

“నువ్వన్నది నిజమే కావచ్చు అక్కా” అంది. “అందుకే నా మాట వద్దు. మళ్లీ వెళ్దాం. ఒకరం నోరు మూసుకుని వింటే తేలిపోతుంది.”

“ఎవరు మూసుకోవాలి?”

అసలు పేచీ అక్కడ వచ్చింది. ఎర్ర పడవ సోనార్ కొలత మధ్యలో ఎన్నడూ ఆగలేదనేది పెద్దకోడలి గొప్ప. పెళ్లిళ్లలోనూ పేరంటాల్లోనూ చెప్పుకునే గొప్ప. రెండు కొప్పులు ఒకచోట ఇమడవని ఊరికే అనలేదని అధికారి మనసులో అనుకుని ఉంటాడు, పైకి మాత్రం గడియారం చూపించాడు. సాయంత్రంలోపు ఓడకు కబురు చెప్పాలి.

“నేనే మూసుకుంటా” అంది కొలబద్ద.

“ఆ ముచ్చటా చూద్దాం” అంది పెద్దకోడలు.

మధ్యాహ్నం ఎండకు నీళ్లు తళతళలాడుతున్నాయి. నీలం పడవ నడిపే సరంగు మాటలకు పిసినారి. కోడళ్లిద్దరి గొడవ చెవిన పడిందో లేదో ముఖం చూస్తే తెలియదు. పొద్దున నడిచిన దారినే, పొద్దున ఉన్నంత ఎడంతోనే నడపమని కొలబద్ద అడిగితే తలూపాడు. రెండు పడవలూ ముఖద్వారం వైపు కదిలాయి.

కొలబద్ద తన సోనార్ నోరు కట్టేసింది, చెవి మాత్రం తెరిచి ఉంచింది. ఇప్పుడు నీలం పడవ ఎవరినీ ఏమీ అడగడం లేదు. కాబట్టి జవాబు కూడా రాకూడదు. తెర ఖాళీగా ఉంది. చాలాసేపు ఖాళీగానే ఉంది. గట్లు దగ్గరపడ్డాయి. ఎర్ర పడవ మెల్లగా పక్కకు జరుగుతూ వచ్చింది. తెర అడుగున ఒక గీత తలెత్తింది, పైకి పాకింది, గిన్నె బోర్లించినట్టు నున్నగా గుండ్రంగా తిరిగింది.

సరంగు మెడ సాచి చూశాడు. “పెట్టె ఆపేశారు కదమ్మా?”

“ఆపేశాను.”

“మరి ఆ దిబ్బ ఎవరిది?”

“మా అక్కది” అంది కొలబద్ద. ఆమెకు నవ్వొచ్చింది, దానితో పాటే కళ్లలో నీళ్లూ వచ్చాయి. అడగనిదే జవాబు చెప్పేది ఆ ఇంట్లో ఇంకెవరు?

వైర్‌లెస్ తీసి పిలుద్దామనుకుంది. పిలవలేదు. నీలం పడవ నోరు మూసుకుంది గనుక ఈపాటికి ఎర్ర పడవ తెర మీద ఉన్నది అసలు నేలే. అది ఏం చెబుతోందో అక్క నోటితోనే రావాలి. ఎర్ర పడవ గదిలో పెద్దకోడలు తెర ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉండటం అద్దంలోంచి కనబడుతోంది. పడవలు ముఖద్వారం దాటాయి, తిరిగాయి, మళ్లీ వచ్చాయి. ఆ కాసేపట్లో కొలబద్ద గోళ్లు కొరికేసుకుంది, అదీ వరస తప్పకుండా.

చివరికి వైర్‌లెస్ గరగరమంది. “ఏమే.”

“చెప్పక్కా.”

“నాకు దిబ్బ లేదు. పన్నెండు. నీ వైపుకి కూడా వచ్చి చూశా. పదకొండున్నర. నీకుందా?”

“ఉంది. నోరు మూసుకున్నా ఉంది.”

“కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. మనకి ఎలుక కూడా దొరకలేదు” అంది పెద్దకోడలు. ఆ గొంతులో సిగ్గూ నవ్వూ రెండూ ఉన్నాయి. “పొద్దున నోరు జారాను. మనసులో పెట్టుకోకు.”

“నువ్వనకపోతే నేను మళ్లీ వచ్చేదాన్ని కాదు అక్కా. గదిలోనే కూర్చుని దిబ్బ లేదని వాదించేదాన్ని.”

అయితే పని అక్కడితో అయిపోలేదు. నియమం ప్రకారం రెండు పడవలూ కొలవాలి, ఒకరు మూగనోము పడితే ఒక్కరి కొలతే అవుతుంది. ఒకరు టిక్కుమని జవాబు వినేదాకా రెండోవాళ్లు ఆగుదామంది కొలబద్ద. సరేనంది గానీ పెద్దకోడలికి తృప్తి కలగలేదు.

“వంతులేసుకున్నా మళ్లీ అదే గడియారం కదే. ఎక్కడైనా పొరపాటొస్తే అది కూడా కుదురుగా ఒకచోటే కూర్చుంటుంది, మళ్లీ నేలే అనుకుంటాం. నా వంతులో నేను కాస్త ముందూ వెనకా టిక్కుమంటా. నువ్వూ అంతే. లెక్కాపత్రం లేకుండా.”

కొలబద్ద ప్రాణం గిలగిల్లాడింది. లెక్కాపత్రం లేకుండా పని చేయడమంటే ఆమెకు చెప్పులు తారుమారుగా వేసుకుని నడవమన్నట్టే. కానీ అక్క చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజమని ఆమెకు తెలుసు. మన టిక్కు ఎప్పుడు వదిలినా నేల జవాబు దాని వెనకే అంతే ఆలస్యంతో వస్తుంది, నేల కదలదు. పక్క పడవ చప్పుడైతే మన టిక్కుతో సంబంధం లేదు గనుక ఒకసారి పైనా ఒకసారి కిందా నల్లిలా గెంతుతుంది. గెంతేదాన్ని తీసి పారేయవచ్చు. ఎడమచేత్తో కళ్లు మూసుకున్నంత పని చేసి కుడిచేత్తో గడియారం ముడి విప్పేసింది.

ఈసారి రెండు పడవలూ నోళ్లు తెరిచే ముఖద్వారం దాటాయి. దిబ్బ ముక్కలు ముక్కలై తెరంతా చుక్కలుగా చెదిరిపోయింది. వాటి అడుగున అసలు నేల వంకరటింకరగా, గుంటలతో, బొప్పులతో కనబడింది. కొలబద్ద తన జీవితంలో అంత అందమైన వంకర గీత చూడలేదు.

అధికారి రెండు గీతలూ పక్కన పెట్టి మళ్లీ ముఖం చిట్లించాడు. “జానెడు తేడా వస్తోంది కదమ్మా.”

“నేల తేడాగా ఉంది సార్, మేమేం చేస్తాం” అంది పెద్దకోడలు. “ఆవిడ కెప్టెన్ భార్య, ఆవిడ మాట మీద ఓడను పిలిచామని రేపెవరూ అనకూడదు. ముందు నా సంతకం తీసుకోండి.” అంటూనే కలం లాక్కుంది.

ఓడకు కబురు వెళ్లింది. ముఖద్వారానికి ఇవతల, దారికి చెరోవైపున, రెండు పడవలూ ఆగి నిలబడ్డాయి. అంతలో ఓడ నుంచి కెప్టెన్ గొంతు వినబడింది. “కొలత పడవలకు మనవి. మా సోనార్ ఒంటరిగా వినాలి. దయచేసి మీ రెండూ పూర్తిగా ఆపేయండి.”

అడిగింది న్యాయమే. పొద్దుట్నుంచీ తను చెబుతున్నదే. అయినా కొలబద్ద చెయ్యి మీట మీద ఆగిపోయింది. ఓడ ముఖద్వారంలోకి వచ్చే ఆ క్షణంలోనే కింద ఏముందో ఆమె చూడాలి. చూస్తూ ఉంటే ఏదో ఆపగలనన్న ధైర్యం. ఆపేస్తే ఇక ఆమె చేతిలో ఏమీ లేదు, కొలిచింది కొలిచినట్టే, చెప్పింది చెప్పినట్టే. ఎదురుగా ఎర్ర పడవ తెర ఆరిపోవడం చూసింది. ఎన్నడూ ఆగని సోనార్ ఆగింది. కొలబద్ద కూడా మీట నొక్కింది. తెర నల్లగా అయిపోయింది.

ఓడ తెల్లగా, వీధి మొత్తం లేచి నడిచొస్తున్నంత పెద్దగా వచ్చింది. ముందు భాగం గట్ల మధ్యకు చేరింది. సరంగు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. కొలబద్ద ఆరిపోయిన తెర వంకే చూస్తోంది. వైర్‌లెస్‌లో మొగుడి గొంతు, ఎవరి కోసమో తెలిసినట్టు, తీరిగ్గా అంకెలు చదవడం మొదలుపెట్టింది.

“పదమూడు. పన్నెండున్నర. పన్నెండు.” ఓడ సగం లోపలికి వచ్చేసింది. “పదకొండున్నర. పదకొండున్నర. పన్నెండు.” చివర్న జెండా కూడా గట్టు దాటింది. “పన్నెండు. లోపలికి వచ్చేశాం. విన్నావా?”

కోడళ్లిద్దరూ ఒక్కసారే వైర్‌లెస్ నొక్కారు, ఒక్కసారే మాట్లాడారు. అటు పక్క అతనికి కీచుమనే రొద తప్ప ఏమీ వినబడలేదు.

“ఎవరో ఒకరు మాట్లాడండి తల్లీ” అన్నాడతను.

ఇద్దరూ ఆగారు. ఇద్దరూ రెండోవాళ్ల కోసం ఆగారు గనుక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు ఎర్ర పడవలో పెద్దకోడలు వైర్‌లెస్‌ను చెయ్యెత్తి చూపించి, అందరికీ కనబడేలా బల్ల మీద పెట్టేసి, చేతులు కట్టుకుంది.

కొలబద్ద నొక్కింది. చెప్పాల్సింది చాలా ఉంది. దిబ్బ సంగతి, టీ గ్లాసుల సంగతి, అక్క సంతకం, తను పడ్డ భయం. ఏవేవో ఊళ్ల నుంచి అతను ఫోన్ చేసినప్పుడల్లా లైను తెగిపోయే లోపు అన్నీ చెప్పేయాలని గబగబా అప్పజెప్పడం ఆమెకు అలవాటు. నోరు తెరిచింది గానీ ఈసారి ఆ తొందర ఏమైందో రాలేదు.

“విన్నాను” అంది.

“అంతేనా?”

“మిగతాది ఇంటికొచ్చాక చెప్తాను” అంది కొలబద్ద. ఇంటికి అంటే ఈ సాయంత్రమే.